అతుకు మీద అతుకు పడని గోడ

డ్రాయింగ్ సారు పోయినారన్న కబురు మా పెద్ద బిడ్డ రమీజా చెప్పింది. ధర్మవరం నుంచి పొద్దున్నే ఫోన్ చేసి "నాయనా, కూచో" అంది. నేను కూచునే ఉన్నాను. ఈ మధ్య నేను నిలబడేది తక్కువ. "కూచునే ఉండా, చెప్పుమ్మా" అన్నాను. "సారు పోయినారంట, తెల్లారకముందు" అంది. తర్వాత "నేను హిందూపురం పోతాండా నాయనా, నువ్వు రాలేవు, ఇంట్లో ఉండు" అంది.

రాలేనని నాకూ తెలుసు. అయినా పోయాను. పెనుకొండ స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కడానికి ఒకాయన చెయ్యి ఇచ్చాడు. హిందూపురంలో మెట్ల వంతెన ఎక్కడానికి మూడుసార్లు ఆగాను. నేను చేరేసరికి సారును తీసుకుపోతున్నారు. సారు వాళ్లలోనూ మా ముసల్మానుల మాదిరే మట్టిలో పెడతారు. ఊరి బయట వాళ్ల చేను దాకా నడవాలి. సగం దూరం నడిచి దారి పక్క మోరీ గట్టు మీద కూలబడితే, ఎవరో మోటారు సైకిలు ఆపి "రా తాతా" అని ఎక్కించుకున్నారు. పిడికెడు మట్టి వేయడానికి మాత్రం అందుకున్నాను. అంతకన్నా నేను ఆయనకు చేయగలిగింది ఆ పొద్దు ఏమీ లేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని రమీజానే అడిగింది. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. నా చేతులకు నల్లరాయి అలవాటు గాని కాగితం కాదు. రెండు వరసలు రాస్తే వేళ్లు లాగుతున్నాయి, కాసేపు ఆపి మళ్లీ రాస్తున్నాను. తప్పులుంటే పెద్ద మనసు చేసుకోండి. ఇంకొక సంగతి ముందే చెప్పుకుంటాను. పోయిన మనిషి గురించి రాస్తున్నప్పుడు దుఃఖం రావాలి కదా. నాకు సారు తలపుకొస్తే ముందు సంతోషం వస్తుంది! ఒళ్లు అలసిపోయి ఉన్నా సరే, ఆ సంతోషం మాత్రం అలసిపోలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

నేను బేల్దారిని. అంటే రాయి, ఇటుక పేర్చి గోడలు కట్టేవాణ్ణి. మాది పెనుకొండ. తొంభైల నడుమ ఒక ఏడు మా ఊర్లో మేడ ఇల్లు ఒకటి కడుతున్నాను. దాని డ్రాయింగు గీసింది సారే. ఆయన అప్పటికే సర్కారు ఆఫీసులో గీసే పని చేసి దిగిపోయి, హిందూపురంలో ఒక జిరాక్సు అంగడి మీద చిన్న గదిలో మూడు కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకు డ్రాయింగు నేర్పుతుండేవారు. తాను గీసింది ఎట్లా లేస్తోందో చూడ్డానికి రైలెక్కి వచ్చారు. నేను ఎండలో కాగితం పరిచి చూసుకుంటున్నాను.

"ఏమప్పా మేస్త్రీ, ఇంగ్లీషు వస్తాదా?" అని అడిగారు.

"ఏబీసీడీలు వస్తాయి సార్. ఆడికే నిలిచిపోయినా."

"మరి ఇందులో రాసిందంతా ఇంగ్లీషే కదా. ఎట్ల కడతాండావు?"

"అక్షరాలు ఎవురు చూస్తారు సార్? ఈ వాలు గీతలుండాయి సూడండి, ఇది ఇటుక గోడ. ఈ చుక్కలు, నడుమ చిన్న చిన్న ముక్కోణాలు ఉండేది కాంక్రీటు. ఈ కిందుండే గజిబిజి మట్టి. గీతల్ని బట్టే కదా మేం కట్టేది."

సారు ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయారు. తెల్ల ప్యాంటు అని కూడా చూసుకోలేదు. "ముప్పై ఏండ్లు గీసినానప్పా," అన్నారు. "గోడ గీసేది ఒక నిమిషం. గోడ లోపల ఈ సన్నగీతలు నింపేది గంట. నింపినప్పుడల్లా అనుకుంటాంటి, ఇవి ఎవురు చూస్తారు, అలంకారానికే కదా అని. నువ్వు చదువుతాండావా వీటిని!"

డ్రాయింగు చూడని పాఠకుల కోసం చెబుతాను. కాగితం మీద గోడంటే రెండు గీతలు, నడుమ ఖాళీ. ఆ ఖాళీని ఏ రకం గీతలతో నింపారో దాన్ని బట్టి అది రాయా, ఇటుకా, మట్టా తెలుస్తుంది. నింపడాన్ని హ్యాచింగ్ అంటారు. చేత్తో గీసే రోజుల్లో ఒక్కొక్క గీతా గీయాలి. కంప్యూటర్లో అయితే ఒక చిన్న ముక్క అల్లిక తయారుగా ఉంటుంది, ఖాళీ చూపిస్తే దాన్నే పక్కపక్కన, పైనా కిందా పరుచుకుంటూ పోతుంది. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ పొద్దు రమీజా నాకు సద్ది తెచ్చింది. క్యారియరు చేతిలో పట్టుకుని, నా భుజం మీదుగా డ్రాయింగు వైపే చూస్తోంది.

"ఈ పాప ఎవురు?" అన్నారు సారు.

"మా పెద్ద బిడ్డ సార్. ఇంటర్ పాసయింది. ఇంగ సాలు చదువు."

"ఎవురికి సాలు? నీకా, పాపకా?"

రమీజా నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది. ఇంటికి పోయి చెప్తే, రమీజా వాళ్లమ్మ దగ్గర నేను మళ్లీ ఓడిపోయాను. "రోజూ రైల్లో పోయి రావాల్నే, ఆడపిల్ల" అన్నాను. ఆమె రొట్టె కాలుస్తూ, "నువ్వు రోజూ మేడ మీద రెండు కట్టెల పైన నిలబడతావే, ఆ పొద్దు నేనేమన్నా అంటినా? బిడ్డ రైల్లో కూచోని కదా పోయేది" అంది. అంతే, మాట అయిపోయింది.

మొదటి నెల నేనే తోడు పోయాను. సారు గదిలో మూల ఒక స్టూలు నాది. చెప్పులు బయట విప్పాలి, కంప్యూటర్లకు ధూళి పడదు. సారు టీ ఎప్పుడూ అర గ్లాసే తాగేవారు, మిగతాది చల్లారిపోయి కిటికీలో ఉండేది. మౌసును పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోవాలి, నలపగూడదు అని ప్రతి కొత్త పిల్లకూ చెప్పేవారు. ఎవరి డ్రాయింగునూ తప్పు అనేవారు కాదు. "దీన్ని ఎవురు కడతారమ్మా?" అని అడిగేవారు. ఆ మాటకు పిల్లలు తామే వెతుక్కుని తప్పు పట్టుకునేవారు. కాగితం అచ్చు తీసినాక గోడకు అంటించి, గదిలో ఈ చివరకు వచ్చి, కళ్లద్దాలు తీసి చూసేవారు. ఎందుకు సార్ అట్లా అంటే, "మీ నాయన ఎండలో, చెమట కండ్లతో చూసేది ఇట్లనే కదా" అన్నారు రమీజాతో. నాకు అప్పుడు కలిగిన ఆనందం ఎట్లా చెప్పాలి! చదువుకున్నాయన ఒకరు నా కళ్లతో చూడాలని తన కళ్లద్దాలు తీశారు.

రమీజా నేర్చింది. ధర్మవరంలో ఒక ఇంజనీరు ఆఫీసులో గీసే పని దొరికింది. ఆ పొద్దు పెనుకొండ బజారులో నేను మైసూరుపాకు పంచని మనిషి లేడు. ఒకాయనకు రెండుసార్లు ఇచ్చానని తర్వాత తెలిసింది. మూడేండ్లు బాగా చేసింది. ఇక నేను చెప్పవలసిన గోడ సంగతి అక్కడ మొదలవుతుంది.

మా పక్క రాతి గోడలు వేరు. ఒక వరస తొమ్మిది అంగుళాలుంటే పై వరస ఏడు, దాని పైది ఆరు. రాయి ఎట్లా పలికితే, అంటే ఎట్లా పగిలి వస్తే, అట్లా. కంప్యూటర్లో తయారుగా ఉండే అల్లికల్లో ఇటుక ఉంది, ఎక్కడెక్కడివో రాళ్లు ఉన్నాయి, మన రాయి లేదు. రమీజా మన రాతి అల్లిక తానే కొత్తది తయారు చేయాలనుకుంది. అట్లా తయారు చేయాలంటే బొమ్మ గీయరంట, అంకెలు రాయాలంట. గీత ఎంత వాలుగా పోవాలి, యాడ మొదలుపెట్టాలి, పక్క గీత ఎంత దూరంలో ఉండాలి, కలం ఎంత మేర కాగితం మీద నడవాలి, ఎంత మేర ఎత్తి పట్టుకోవాలి. కలం ఎత్తాలంటే ఆ అంకె ముందు చిన్న మైనస్ గుర్తు పెట్టాలి. నిలువు అతుకు, అంటే పక్కపక్క రాళ్లు కలిసే సందు, ఒక రాయి ఎత్తు నడిచి, కలం ఎత్తేసి, పై రాయిని వదిలేసి, మళ్లీ ఇంకొకచోట దిగాలి. రమీజా అన్నీ రాసింది. నిలువు గీతల్లో ఒక్కదానికి మైనస్ పెట్టడం మరిచిపోయింది. ఆ ఒక్క గీత కలం ఎత్తకుండా కింది నుంచి పైదాకా నిలువునా పోయింది. అల్లిక పరుచుకున్న చోటల్లా, నాలుగు అడుగులకొకటి, అదే నిలువు గీత. చిన్న కాగితం మీద అది తప్పుగా కనపడలేదు, పైగా అందంగా కనపడింది. ఇంజనీరూ చూసి సరే అన్నాడు.

ఆ డ్రాయింగు తిరిగి తిరిగి నా చేతికే వచ్చింది! పెనుకొండలో కొండ వాలున ఒక పెండ్లి మండపం కడుతుంటే, వెనక మట్టి జారకుండా ఆపే గోడ పని నాకు ఇచ్చారు. కాగితం విప్పి చూస్తే మూల గడిలో, గీసినవారు అన్నచోట, మా బిడ్డ పేరులోని మొదటి అక్షరాలు. ఆ కాగితాన్ని టీ అంగట్లో చూపించాను, రొట్టెల అంగట్లో చూపించాను. మరుసటి పొద్దు ఉతికిన చొక్కా వేసుకుని పనికి పోయాను. రాళ్ల పనికి ఉతికిన చొక్కా!

నాతో పని చేసే గోరంట్ల పెద్దాయన మూడో వరసకే చూశాడు.

"ఏమబ్బా, అతుకు మీద అతుకు వస్తాండాది, కండ్లు కనపల్యా నీకు?"

"డ్రాయింగులో అట్లే ఉండాది."

"డ్రాయింగులో ఉంటే? గోడ నిలువునా చీలుతాది. నీకు నేను చెప్పాల్నా?"

"నాలుగు అడుగులకొకటి లెక్కగా పెట్టినారు చూడు. ఎండకు సాగేదానికో దేనికో కొత్త పద్ధతి వచ్చింటాది. గీసింది ఎవురనుకుంటివి? మా బిడ్డ!"

"నీ బిడ్డ గీసిందని రాయి నీ మాట ఇంటుందా?" అని తిట్టుకుంటూ తాను కూడా అట్లాగే పెట్టాడు.

నలభై ఏండ్లుగా నా చేతులకు తెలిసిన సంగతి ఇది. కింది అతుకు మీద పై రాయి కూర్చోవాలి, అతుకు మీద అతుకు పడగూడదు. ఇది ఏ బేల్దారికైనా మొదటి రోజు పాఠం. ఆ పాఠాన్ని నా సంతోషం తినేసింది. గోడ ఛాతీ ఎత్తు లేచేటప్పటికి పెద్ద వాన వచ్చింది. తెల్లారి పోయి చూస్తే, ఒక అతుకు బొటనవేలు దూరేంత తెరుచుకుని, అందులోనుంచి ఎర్రమట్టి నీళ్లు కారుతున్నాయి. పక్కది కూడా పగుళ్లు ఇచ్చింది. దాని కిందే వంటశాల కట్టాలని ముగ్గు పోసి ఉంది.

ధర్మవరం నుంచి ఇంజనీరు జీపులో వచ్చాడు. వెనక సీట్లో డ్రాయింగు చుట్ట పట్టుకుని రమీజా. ఆ గోడ కట్టింది వాళ్ల నాయన అని ఇంజనీరుకు తెలియదు. "ఇట్ల కట్టమని ఎవరు చెప్పినారు నీకు?" అని నా మీద అరిచాడు. డ్రాయింగులోనే అట్లా ఉందన్న మాట నోటి దాకా వచ్చింది. బిడ్డ మొహం చూశాను. ఆమె గోడ చూసింది, చేతిలో కాగితం విప్పి చూసింది, ఒక నిలువు గీత మీద వేలు ఆపింది. నేను గబగబా అన్నాను: "నాదే తప్పు సార్. చూపు సరిగా ఆనడం లేదు."

"ముసలోల్లను పనికి పెడితే ఇంతే" అన్నాడు ఇంజనీరు. ఆ పొద్దుతో నన్ను ఆ పనిలోంచి తీసేశారు.

ఇంటికొచ్చి రమీజా అన్నం ముట్టలేదు. "నేను పోయి చెప్తా నాయనా, గీత తప్పని."

"చెప్తే నీ పని పోతాది."

"నువ్వు చెప్పినందుకు నీ పని పోల్యా?"

"నాకేమ్మా, ఈ ఊర్లో రాళ్లకేం కరువు? నీకు మళ్లా యాడ దొరుకుతాది?"

రెండు రోజులు ఇద్దరం ఇదే మాట. మూడో పొద్దు ఆదివారం. ఏమీ తేలక ఇద్దరం సారు దగ్గరికి పోయాం. ఆయన అంతా విన్నారు. ఆ డ్రాయింగును గోడకు అంటించి, ఈ చివరకు వచ్చి, కళ్లద్దాలు తీసి చూశారు. ఒక్క చూపుకే దొరికింది. "కలం ఎత్తలేదు తల్లీ" అన్నారు నెమ్మదిగా. "గీయడం తొందరగా వస్తాది. కలం ఎత్తడం నిదానంగా వస్తాది." తర్వాత నా వైపు తిరిగారు.

"నీకు నీ చేతుల మీద నమ్మకం ల్యాకపాయె మేస్త్రీ."

"మా బిడ్డ గీసిందని సార్..."

"గీతను చదువుతావని నిన్ను పొగిడింది నేనే. నా తప్పు కూడా ఉండాది. అది పోనీ. ఇద్దరూ కలిసి ఇంకొక తప్పు చేస్తాండారు, అది ఇంకా జరుగుతానే ఉండాది. తెలుస్తాండాదా?"

మాకు తెలియలేదు.

"నువ్వు నీ నెత్తిన వేసుకుంటివి, సరే. ఆ అల్లిక ఇంకా ఆఫీసు కంప్యూటర్లోనే ఉండాది కదా? రేపు ఇంకొకరు ఇంకొక గోడకు అదే వేస్తారు. ఇంకొక బేల్దారి నీ మాదిరే నమ్మి కడతాడు. నువ్వు అబద్ధం చెప్తే ఆ గీత బాగవుతాదా?"

నేను తల ఎత్తలేకపోయాను. రమీజా మాత్రం తల ఎత్తింది. "ఇంకా రెండు డ్రాయింగులకు వేసినా సార్," అంది. "ఒకటి ముదిగుబ్బది, ఒకటి కనగానపల్లిది. ఇంకా కట్టలేదు."

"ఇంక ఈడ ఏం చేస్తాండావు?" అన్నారు సారు.

సోమవారం పొద్దున ధర్మవరం పోయి ఇంజనీరు ఎదుట చెప్పింది. గీత తనది, గోడ కట్టింది వాళ్ల నాయన, ఆయన అబద్ధం చెప్పినాడు, ఇంకా రెండు డ్రాయింగులు ఆపాలి. ఇంజనీరు ఆ రెండు ఊర్లకూ అప్పుడే ఫోన్ చేసి పని ఆపించాడు. తర్వాత రమీజాతో, "నువ్వు ఇంటికి పో. పిలిస్తే రా" అన్నాడు. పిలుస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. నా పని పోయింది, బిడ్డ పనీ పోయింది. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నాకు సారు మీద కోపం వచ్చింది.

కోపంగానే మరుసటి పొద్దు మళ్లీ హిందూపురం పోయాను, రమీజాతో. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? సారు మా కోసం ఎదురు చూస్తున్నట్టే ఉన్నారు. ఫ్యాను వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి, రాళ్ల మాదిరి పెద్దవీ చిన్నవీ ముక్కలు చేసి పెట్టారు. వాటిని నా ముందు కుప్ప పోసి, "కట్టు" అన్నారు.

"ఏం కట్టాల సార్?"

"గోడ. నేల మీద. మూడు అడుగుల గోడ చాలు. నువ్వు కట్టు, అమ్మణ్ణి కొలిచి రాస్తాది, నేను తప్పులు పట్టుకుంటా."

నేల మీద బాసింపట్టు వేసుకుని అట్టముక్కలు పేర్చాను. మొదట సిగ్గు. కాసేపటికి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఐదు వరసలు లేచినాక సారు అడ్డం పడ్డారు. "ఆగప్పా. ఈ కుడి అంచు పోయి ఈ ఎడమ అంచును తగులుకోవాల. కంప్యూటరు ఈ ముక్కనే మళ్లా మళ్లా పరుస్తాది. ఈ చివరి రాయి సగమే ఉంటే, తక్కిన సగం ఆ మొదట ఉండాల." నేను అప్పటి దాకా చివర లేని గోడ కట్టలేదు. ఏ గోడకైనా మూల ఉంటుంది. దీనికి మూల లేదు. ఆ అంచును ఈ అంచుతో కలపడానికి ఆ పొద్దంతా పట్టింది. కలిసినాక ఇంకొక చిక్కు వచ్చింది.

"ముక్క చిన్నదిగా ఉంది సార్. అదే రాయి మళ్లా మళ్లా వస్తే కంటికి తగులుతాది. గోడ గోడ మాదిరి ఉండదు, చీర అంచు మాదిరి ఉంటాది."

సారు గట్టిగా నవ్వారు. "విన్నావా తల్లీ? ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మళ్లా మొదటి నుంచి."

ఆరు రోజులు అట్లా గడిచాయి. ముక్క పెద్దది చేశాం. ప్రతి నాలుగైదు రాళ్లకు ఒకటి, గోడ మందమంతా లోపలికి పోయే పొడుగు రాయి ఉండాలని, బయటికి దాని చిన్న మొహమే కనపడుతుందని చెప్పాను. రమీజా దానికి కూడా అంకెలు రాసింది. ఆరో పొద్దు సాయంత్రం అచ్చు తీసి గోడకు అంటించాం. సారు నన్నే చూడమన్నారు. చూశాను. నేను కట్టిన గోడే! అతుకు మీద అతుకు ఎక్కడా లేదు. నా చేతి పని కాగితం మీద నన్ను చూస్తోంది. ఏడ్చాను, దాచుకోను. చల్లారిన టీ సారు నా చేతికిచ్చారు.

"పేరు పెట్టాల. ఎనిమిది అక్షరాలు దాటగూడదు," అన్నారు. రమీజా "మీ పేరు పెడతా సార్" అంది. "నేను ఒక్క రాయి ఎత్తినానా?" అని, తానే కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టారు. రమీజా చదివి చెప్పింది. బేల్దారి.

రమీజా ఆ కాగితం తీసుకుని ధర్మవరం పోయింది. నేను ఆఫీసు బయట మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఇంజనీరే బయటికొచ్చాడు, చేతిలో ఆ కాగితం.

"ఇది నువ్వు పేర్చిందా?"

"అవును సార్."

"ఆ పొద్దు చూపు ఆనలేదంటివే."

నేను మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డాను. ఆయన కాగితం మడిచి, "ఆ గోడ ఎవురితో పీకించాల?" అన్నాడు.

"నేనే పీకుతా సార్. నేనే కడతా."

"బిడ్డను రేపట్నుంచి రమ్మను" అని లోపలికి పోయాడు.

ఆ గోడ పీకేటప్పుడు గోరంట్ల పెద్దాయన ఒక్కొక్క రాయి తీస్తూ "ఎవురు గీసిందబ్బా ఇది? నీ బిడ్డేనా?" అని పొద్దంతా ఎత్తిపొడిచాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. తర్వాత ఏండ్లలో ఆ అల్లిక ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఒకసారి ధర్మవరం ఆఫీసులో కూర్చుని ఉంటే, లోపల ఒక పిల్లాయన "అక్కా, ఈ గోడకు బేల్దారి పెట్టాల్నా?" అని అడిగాడు. "పెట్టు, మా నాయన బయటే ఉండాడు" అంది రమీజా. లోపల అందరూ నవ్వారు. నేను బయట నవ్వాను.

సారు నాకు ఎన్నడూ ఆ అబద్ధం సంగతి గుర్తు చేయలేదు. చివరి రెండేండ్లు చూపు తగ్గి గది మూసేశారు. నేను పోయినప్పుడు ఇద్దరం వసారాలో కూర్చునేవాళ్లం. మాట్లాడే ఓపిక ఆయనకూ లేదు, నాకూ లేదు. నా అరచెయ్యి తీసుకుని కాయలు కాచిన చోట బొటనవేలితో తడిమి చూసి వదిలేసేవారు. అదే మా మాట.

మట్టిలో పెట్టిన మూడో రోజు మళ్లీ పోయాను. రమీజా వచ్చింది. సారు ఇంటామె, "మేస్త్రీ, సమాధి చుట్టూ రాతి కట్ట ఒకటి కట్టించాల. ఎవరినన్నా చూసిపెట్టు" అన్నారు. నేను పని మానుకుని నాలుగేండ్లయింది. "ఎవరో ఎందుకమ్మా, నేను కడతా" అన్నాను. రమీజా నా మోకాళ్లు చూసింది, మొహం చూసింది.

"నీ చేతనవుతాదా నాయనా?"

"రోజుకు నాలుగు రాళ్లు. ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

ఆ మండపం గోడ తర్వాత ఇన్నేండ్లలో రమీజా ఎన్ని గోడలు గీసిందో, నేను కట్టే గోడ మాత్రం ఒక్కటీ గీయలేదు. భయం అని చెప్పలేదు, నేనూ అడగలేదు. "నువ్వు డ్రాయింగు చూడకుండానే కట్టగలవు" అంది.

"కట్టగలను. నువ్వు గియ్యి. చూసే కడతా."

మరుసటి పొద్దు తెచ్చింది. చిన్న కాగితం, చిన్న కట్ట, నాలుగు పక్కలా నిండుగా రాళ్లు. చేన్లో గాలి ఎక్కువ. కాగితాన్ని మెత్తటి మట్టి మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేను మొదటి రాయి పెట్టే దాకా ఒక అంచును చేత్తో అదిమి పట్టుకుంది.